నాలుగడుగులు వెయ్యి

నా మందుల షాపు ముందు బెంచీ మీద ఆవిడ పద్నాలుగేళ్ళు కూర్చుంది. అన్నేళ్ళలో ఒక్క మాత్ర కూడా నా దగ్గర కొనలేదు. కాలి నొప్పికి రోజూ బిళ్ళలు మింగేది. వాటిని పక్క ఊరి షాపు నుంచి తెప్పించుకునేది. తెప్పించుకున్న బిళ్ళని నా ఎదురుగానే, నా బెంచీ మీదే కూర్చుని, తన సీసాలో నీళ్ళతో మింగేది. మింగి నావైపు చూసేది.

పోయిన నెల్లో చనిపోయింది.

ఊళ్ళో అందరూ ఆవిణ్ణి మేస్త్రమ్మ అనేవాళ్ళు. అసలు పేరు నాకు తెలుసు గానీ రాయను. ఒకసారి ఏదో మాటల్లో నేను పేరు పెట్టి పిలిచాను. "నా పేరు నీ నోట్లో పడకూడదు భాయ్" అంది. ఆ మాట ఇప్పుడైనా నిలబెట్టాలి.

మా ఊరు గుంటూరుకి గంట ప్రయాణం. ఊరి చుట్టూ మిరప చేలు, వాటి వెనక పత్తి. కాయ కోతల రోజుల్లో మేస్త్రమ్మ ముఠాలో పాతికమంది ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. పొద్దున్నే ఆవిడ ట్రాక్టరు దగ్గర నిలబడి వేలు పెట్టి లెక్కపెడుతూ ఎక్కించేది. ఎవరి ఒంట్లో బాగాలేదో మొహం చూసి చెప్పేది. "నువ్వు దిగు. ఇంటికి పోయి పడుకో" అనేది. రైతులు గొణిగేవాళ్ళు. మేస్త్రమ్మ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు కాదు. ఆవిడ రాకపోతే ముఠా రాదు. ముఠా రాకపోతే కాయ చెట్టు మీదే పండి రాలిపోతుంది.

ఇదంతా ఆవిడ కాలు విరగక ముందు.

ఆరోజు ఊళ్ళో పెద్ద ఆసామి కల్లంలో పని జరుగుతోంది. ఎండబెట్టిన కాయ కల్లం నిండా పరిచి ఉంది. మధ్యాహ్నానికి తూర్పున మబ్బు పట్టింది. ఎండిన కాయ మీద వాన పడితే రంగు పోతుంది, అంతా తాలు కాయ కింద పోతుంది. అందరూ పరుగులు పెట్టి గంపలకెత్తుతున్నారు. మేస్త్రమ్మ నెత్తిన గంపతో కల్లం గట్టు దిగుతూ కాలు మడతపడి పడింది. 'టుక్'మని శబ్దం వచ్చిందని పక్కనున్న ఆడవాళ్ళు తర్వాత చెప్పారు. ఆసామి వచ్చి చూసి, "ఏం లేదు, బెణుకు. మందుల షాపుకి పోయి ఏదన్నా పూయించుకుని రా, ఈలోగా వీళ్ళు పని కానిస్తారు" అన్నాడు.

ఇద్దరి భుజాల మీద చేతులేసి, ఒంటికాలి మీద గెంతుకుంటూ నా షాపుకి వచ్చింది. కుడికాలు కింద పెట్టలేకపోయింది. చీలమండ పక్కన కోడిగుడ్డంత వాచింది. కాలు కొంచెం పక్కకి తిరిగినట్టు కూడా ఉంది. నేను చదివింది ఫార్మసీ డిప్లొమానే గానీ ఆ కాలు చూసి ఏమైందో చెప్పడానికి ఏ చదువూ అక్కర్లేదు.

"ఆసుపత్రికి పోవాలా భాయ్?" అని అడిగింది. "నువ్వు చదువుకున్నోడివి. నువ్వు పొమ్మంటే ఇప్పుడే పోతా."

"అవసరం లేదులే మేస్త్రమ్మా. బెణుకే. రెండ్రోజుల్లో తగ్గుద్ది" అన్నాను. నొప్పి బిళ్ళలిచ్చాను, ఆయింట్‌మెంట్ పూసి సాగే గుడ్డ చుట్టాను.

ఆవిడ ఇరవై ఒక్క రోజులు ఆ కాలితోనే కల్లానికి పోయింది. నా బిళ్ళలు మింగి నిలబడింది. కాలు వేళ్ళదాకా నల్లబడ్డాక, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి గుంటూరు ఎముకల డాక్టరు దగ్గరికి పోయింది. ఆ డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించి, "మొదటిరోజే వచ్చుంటే దీన్ని సరిగ్గా నిలబెట్టేవాళ్ళమమ్మా. ఇన్ని రోజులు దీని మీద నడిచావు. ఎముక పక్కకి జరిగి అక్కడే అతుక్కోవడం మొదలుపెట్టింది, కీలు అరిగింది" అన్నాడట. ఆపరేషన్ చేశారు, లోపల ప్లేటు వేశారు. అయినా కాలు వంకరగానే ఉండిపోయింది. మేస్త్రమ్మ మళ్ళీ చేలోకి దిగలేదు. ముఠా వేరేవాళ్ళ చేతికి పోయింది.

ఆర్నెల్ల తర్వాత ఒక పొద్దున షాపు షట్టరు ఎత్తేసరికి బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన గంపెడు ఎండుకాయ. ఒక్కో కాయకీ తొడిమ గిల్లి ముచ్చికలు తీస్తోంది. కూర్చుని చేసే పని అదొక్కటే మిగిలింది ఆవిడకి.

"ఏంటి మేస్త్రమ్మా ఇక్కడ?"

"ఇక్కడ నీడ బాగుంది" అంది.

నీడ కోసం కాదని పది నిమిషాల్లో తెలిసింది. బెణికిన కాలితో ఒక ముసలాయన వచ్చి నన్ను ఆయింట్‌మెంట్ అడిగాడు. నేను అర దగ్గరికి తిరిగే లోపల మేస్త్రమ్మ ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టేసింది.

"పడ్డ వెంటనే నాలుగడుగులు వేశావా?"

"వేశానమ్మా."

"ఇప్పుడు వెయ్యి. నా ముందర వెయ్యి."

ఆయన వేశాడు. కుంటుతూనే అయినా నాలుగూ వేశాడు. తర్వాత ఆవిడ బొటనవేలితో ఆయన చీలమండ ఎముక వెనక అంచు రెండు పక్కలా నొక్కింది. చిటికెనవేలి వైపు పాదం మధ్యలో నొక్కింది. లోపలి వైపు నొక్కింది. "ఇక్కడ నొప్పా? ఇది కండ నొప్పా, ఎముక నొప్పా? వేళ్ళు తిమ్మిరిగా ఉన్నాయా? చల్లగా ఉన్నాయా?" ఇవన్నీ గుంటూరు డాక్టరు దగ్గర ఆవిడ అడిగి అడిగి నేర్చుకున్నవి. తన కాలు చూడగానే నేను ఏం చూసుండాల్సింది, ఏం అడిగుండాల్సింది అని ఆ డాక్టర్ని వదలకుండా అడిగిందట.

"ఇది బెణుకే తాతా. సోడా కొట్టు నుంచి ఐసు తెచ్చి గుడ్డలో చుట్టి పెట్టుకో. కాలు దిండు మీద ఎత్తి పెట్టు. రెండ్రోజుల్లో వాపు తగ్గకపోయినా, కాలు ఆననియ్యకపోయినా గుంటూరు పో. అంతేగానీ ఈయన మాట విని ఇంట్లో కూర్చోమాక." అని చీర అంచు పైకి జరిపి తన కాలు చూపించింది. "ఈయన మాట విన్నందుకు ఇదీ నా కాలు."

ఆ కాలు చూపించడం ఏళ్ళ తరబడి ఆగలేదు. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా చూపించేది. మా అల్లుడు మొదటిసారి షాపుకొచ్చినప్పుడు ఆయనక్కూడా చూపించింది.

ఎవరైనా నాలుగడుగులు వెయ్యలేకపోయినా, నొక్కినచోట ఎముక మీద కేకపెట్టినా ఇక వాళ్ళ మాట వినేది కాదు. ఆటోవాణ్ణి పిలిచి ఎక్కించి పంపేది. ఒక స్కూలు మాస్టారు బైకు మీంచి పడి వచ్చాడు. బూటు విప్పనన్నాడు. "మీరు విప్పుతారా నేను విప్పనా?" అంది. ఆయనే విప్పాడు. చిటికెనవేలి వైపు నొక్కగానే బజారంతా వినపడేలా అరిచాడు. రెండు గంటల తర్వాత గుంటూరు నుంచి ఫోను చేశాడు, ఎముక పగిలిందని.

వారం తర్వాత పిండికట్టు కాలితో కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడు మాస్టారు. మేస్త్రమ్మ తలెత్తలేదు. "నాకెందుకు సార్. ఆయనకి చూపిచ్చి పొండి" అంది.

అది అలవాటైపోయింది. ఆవిడ పంపిన ప్రతివాడూ పిండికట్టుతో తిరిగొచ్చి నా కౌంటరు మీద కాలు పెట్టి, "చూడు భాయ్" అనేవాడు. కొందరు నవ్వుతూ అనేవాళ్ళు. కొందరికి అదొక మొక్కు తీర్చుకోవడం. నేను అన్నీ చూశాను. పిల్లల కట్లు, ముసలాళ్ళ కట్లు, రంగు పెన్నులతో పేర్లు రాసిన కట్లు.

నేనేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నాకూ పట్టుదల వచ్చింది. ఒకరోజు బెంచీ తీసి లోపల పెట్టేశాను. మర్నాడు ఎరువుల డబ్బా బోర్లించి కూర్చుంది. డబ్బా లేకుండా చేస్తే మెట్టు మీద కూర్చుంది. పొద్దున్నే మెట్టు మీద బక్కెట్టు నీళ్ళు గుమ్మరించాను. ఆవిడ తడిలోనే గోనెపట్టా పరుచుకుని కూర్చుని, కావాలని గాలి వచ్చే వైపు గంప పెట్టుకుని ముచ్చికలు తీసింది. ఘాటుకి నా షాపులో నేను కౌంటరు వెనక నిలబడలేకపోయాను. దగ్గుతూ తుమ్ముతూ కళ్ళల్లో నీళ్ళు. వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని మందులు తీసుకునేవాళ్ళు. ప్రెసిడెంటు గారి దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాను. ఆయన నవ్వాడు. "భాయ్, మా ఆవిడ కాలికి కట్టు వేయించింది ఆవిడే. నేనేం చెప్పను?" అన్నాడు. ఎగతాళికి నేను 'డాక్టరమ్మ' అని పేరు పెడితే అది ఊళ్ళో గౌరవంగా నిలబడింది.

చివరికి బెంచీ నేనే తెచ్చి బయట వేశాను. ఓడిపోయానని ఆవిడకి తెలుసు. గెలిచినట్టు మొహం పెట్టలేదు. దానికి నాకు ఇంకా మండింది.

ఆసామి జోలికి మాత్రం పదకొండేళ్ళు పోలేదు. ఆయన బజార్లో ఎదురైతే గంపలోకి చూసేది. ముచ్చికని గిల్లే గిల్లుడు మాత్రం మారేది. ఒక్కో కాయకీ మెడ తిప్పేసినట్టు గిల్లేది.

పదకొండో ఏడు పత్తి తీతలయ్యాక ఒక పొద్దున ఆసామి నా షాపుకి వచ్చాడు. చెప్పులు లేకుండా చేలో తిరుగుతుంటే కొట్టేసిన పత్తికట్టె మోడు అరికాల్లో గుచ్చుకుందట. రెండ్రోజులైందట. "కట్టు గుడ్డ ఇవ్వు భాయ్, పెద్ద గాయమేం కాదు" అన్నాడు. ఆయనకి షుగరుందని నాకు తెలుసు. ఆయన మందులన్నీ నా షాపు నుంచే పోతాయి. బెంచీ మీదున్న మేస్త్రమ్మకీ తెలుసు.

షుగరున్న వాళ్ళ కాళ్ళ సంగతి ఆవిడకి తెలిసినంతగా మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. అట్లాంటివాళ్ళు ఎవరొచ్చినా గాయం చిన్నదా పెద్దదా అని కూడా చూసేది కాదు. "షుగరుందా? అయితే మాటల్లేవు, ఎక్కు ఆటో" అనేది. నొప్పి లేదని ఎవరైనా అంటే ఇంకా కంగారు పడేది.

ఆసామి బెంచీ చివర కూర్చుని కాలు ఎత్తి చూపించాడు. గాయం అంచులు తెల్లగా ఉన్నాయి, చుట్టూ ఎర్రగా కందింది.

"నొప్పేం లేదు. నడుస్తున్నాగా" అన్నాడు.

మేస్త్రమ్మ ఆ కాలివైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆయన మొహంలోకి చూసింది.

"నొప్పి లేకపోతే భయమేముందండీ. ఏం లేదు. రెండ్రోజుల్లో తగ్గుద్ది" అంది.

నా చేతిలో కట్టు గుడ్డ ఉంది. ఆవిడ నావైపు తిరిగింది. చెప్తావా అన్నట్టు. నేను చెప్పొచ్చు. చెప్పాల్సినవాణ్ణి. చెప్పలేదు. ఆయన మీద నాకూ ఒక కోపం ఉంది, అదేంటో కాసేపట్లో మీకే తెలుస్తుంది. గాయం కడిగి, మందు రాసి, గుడ్డ చుట్టాను. ఆయన లేచి బాగానే నడిచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు మేస్త్రమ్మ మామూలుగానే వచ్చింది. మామూలుగానే కాయ గిల్లింది. నేను రెండుసార్లు ఆసామికి ఫోను చేద్దామని తీసి పక్కన పెట్టాను.

నాలుగో రోజు పాలేరు బండి మీద కూర్చోబెట్టి తీసుకొచ్చాడు ఆయన్ని. కట్టు తడిసి పచ్చగా ఉంది. వాసన ఎదురుగా టీ కొట్టుదాకా కొట్టింది. టీ తాగేవాళ్ళు గ్లాసులతో లేచి వచ్చారు. ఆసామి మొహం జ్వరంతో మెరుస్తోంది. ఈసారి నా కౌంటరు దగ్గరికి రాలేదు. నేరుగా బెంచీ దగ్గర కూలబడ్డాడు.

"నువ్వు అందరికీ చెప్తావంటగా. నా కాలు సంగతి చెప్పు" అన్నాడు.

"చెప్తానండి. ముందు మీరు నా కాలు సంగతి చెప్పండి" అంది మేస్త్రమ్మ. "ఆరోజు మీ కల్లంలో నా కాలు బెణికిందా, ఇరిగిందా?"

"ఇప్పుడా అది?"

"ఆలోచించుకోండి. నాకు తొందర లేదు. సగం గంప కాయ ఉంది ఇంకా." అని ఒక కాయ తీసి ముచ్చిక గిల్లింది. ఇంకోటి తీసింది. చుట్టూ పదిహేనుమంది నిలబడి ఉన్నాం. టీ కొట్టాయన, "మేస్త్రమ్మా, జ్వరంగా ఉందాయనకి" అన్నాడు. "నాకూ ఉంది ఆరోజు" అంది.

"ఇరిగింది" అన్నాడు ఆసామి.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

ఆయన తలదించుకున్నాడు. ఆవిడ గిల్లుతూనే ఉంది.

"ఆరోజే తెలుసు. శబ్దం నేనూ విన్నా."

"టీ కొట్టు దగ్గరున్నోళ్ళకి వినపళ్ళేదు."

"ఆరోజే తెలుసు!" అని అరిచాడు ఆసామి. "మబ్బు పట్టింది. కల్లం నిండా కాయ ఉంది. నువ్వు ఆసుపత్రికి పోతే నీ ముఠా అంతా నీ వెనకే పోద్ది. అందుకే బెణుకన్నా. అంటే నేనొక్కణ్ణే అన్నానా? నువ్విక్కడికి వచ్చే లోపల ఈ భాయ్‌కి ఫోను చేశా. మేస్త్రి వస్తది, ఆసుపత్రి మాట ఎత్తమాక, ఏదో ఒకటి పూసి పంపియ్యి అని చెప్పా. సరేనన్నాడు. అడుగు ఇతన్ని!"

అదీ నా కోపం. నా షాపు గది ఆయనది. ఆయన ఫోను చేస్తే నేను సరేనన్నాను. ఆ ఒక్క ఫోను వల్ల పదకొండేళ్ళు ఆ ఘాటు పీలుస్తున్నది నేను, ఆయన మాత్రం చల్లగా తిరుగుతున్నాడని నాకు లోపల ఉండేది. అందుకే ఆరోజు కట్టు కట్టి ఊరుకున్నాను.

మేస్త్రమ్మ చెయ్యి ఆగింది. అప్పటిదాకా నేను తెలివితక్కువవాణ్ణి అనుకుంది ఆవిడ. చూసి కూడా గుర్తుపట్టలేని చదువు చదివానని తిట్టేది. తెలిసి చెప్పానని ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ నన్ను చూసిన చూపు గురించి ఏం రాయాలో నాకు తెలియడం లేదు. కోపం లేదు దాంట్లో. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

తర్వాత ఆటోని పిలిచింది. "నేరుగా గుంటూరు. మధ్యలో ఎక్కడా ఆపమాక. షుగరుందని ముందే చెప్పండి. మోడు గుచ్చుకుందని, ఆరు రోజులైందని, జ్వరం వచ్చిందని చెప్పండి. కాలు కింద పెట్టనియ్యకండి" అని పాలేరుకి రెండుసార్లు అప్పజెప్పింది. ఆటో పోయాక కాయంతా గంపలోకి ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆసామికి మూడు వేళ్ళు, పాదంలో ముందు భాగం తీసేశారు. ప్రాణం దక్కింది. ఊళ్ళో సూదులేసే నర్సమ్మ మేస్త్రమ్మని నిలదీసింది. "మొదటిరోజే పంపించి ఉంటే ఆయన వేళ్ళు ఉండేవి. తెలిసి ఊరుకున్నావా?"

"ఇరవై ఒక్క రోజులు నన్ను నడిపిచ్చాడు. నేను నాలుగే తీసుకున్నా. పదిహేడు వదిలేశా నర్సమ్మా" అంది మేస్త్రమ్మ. నేను షాపులోంచి వింటున్నాను. నా నుంచి ఎన్ని తీసుకుంటుందో అని ఆలోచిస్తున్నాను.

మర్నాడు ఏదో ఒకటి చెప్పాలని బెంచీ దగ్గరికి వెళ్ళాను. "మేస్త్రమ్మా, ఆరోజు..."

"నువ్వు పొమ్మంటే ఇప్పుడే పోతానన్నా" అంది. అంతే. ఆ తర్వాత మూడేళ్ళు నాతో మాట్లాడలేదు.

రావడం మాత్రం మానలేదు. కాళ్ళు చూడటం మానేసింది. ఎవరైనా కుంటుకుంటూ వచ్చి బెంచీ దగ్గర ఆగితే, "ఆయన్నడగండి. ఆయనకి తెలుసు. చూడగానే తెలుస్తుంది ఆయనకి" అనేది. వాళ్ళు నావైపు తిరిగేవాళ్ళు. నేను కౌంటరు తలుపు తీసుకుని బయటికి రావాల్సి వచ్చేది. ఆవిడ కాళ్ళ పక్కనే, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ కాలు చేతిలోకి తీసుకోవాల్సి వచ్చేది. నాలుగడుగులు వెయ్యమనడం, ఎముక అంచు నొక్కడం, వేళ్ళు చల్లగా ఉన్నాయేమో చూడటం. ఆవిడ పైనుంచి చూసేది. నేను ఎక్కడైనా నొక్కడం మర్చిపోతే గిల్లుతున్న చెయ్యి ఆగేది. ఆ చెయ్యి మళ్ళీ కదిలేదాకా ఏం మర్చిపోయానా అని వెతుక్కునేవాణ్ణి. బెణుకని నేను అంటే, అవతలివాళ్ళు వెళ్ళిపోయేదాకా నా మొహంలోకే చూసేది. నిజంగానే బెణుకా, ఇంకెవరైనా ఫోను చేశారా అన్నట్టు.

మా ఆవిడ షాపు అమ్మేద్దాం అంది. గుంటూరు పోదామంది. పోవచ్చు. ఎందుకు పోలేదో మా ఆవిడకి నేను సరిగ్గా చెప్పలేకపోయాను.

ఈ ఏడాది మేస్త్రమ్మ కాళ్ళు రెండూ వాచాయి. మొహం వాచింది. పద్నాలుగేళ్ళు ఆ కాలినొప్పికి మింగిన బిళ్ళలే కిడ్నీలని దెబ్బతీశాయన్నారు గుంటూరులో. బెంచీ మీదికి రావడం ఆగిపోయింది. వారం చూసి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు నూలు మిల్లులో పనిచేస్తుంది, ఆరోజు ఇంట్లోనే ఉంది. "లోపలికి రా భాయ్" అంది.

మేస్త్రమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"నన్ను క్షమించు మేస్త్రమ్మా" అన్నాను.

"క్షమించానంటే నీకు తేలికవుద్దా?" అంది. మూడేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట.

"అవుద్ది."

"అయితే చెప్పను."

కూతురు, "అమ్మా" అంది. మేస్త్రమ్మ చెయ్యెత్తి ఆపేసింది. నేను లేవబోతుంటే నావైపు తిరిగింది.

"నిన్న ఎవరన్నా వచ్చారా?"

"ఒకమ్మాయి వచ్చింది. బస్సు దిగుతూ పడిందంట."

"నాలుగడుగులు వేయిచ్చావా?"

"రెండే వేసింది."

"నొక్కావా?"

"నొక్కాను. వెలుపలి ఎముక మీద నొప్పి అంది. వెంటనే పంపించాను."

"ఫిల్ములో ఏమొచ్చింది?"

"విరిగింది."

"ఊఁ" అని మళ్ళీ గోడవైపు తిరిగింది. అది మెప్పో కాదో నాకు తెలీదు. నాలుగు రోజులకి పోయింది.

చర్చి వెనక శ్మశానంలో సమాధి చేశారు. ఊరు ఊరంతా వచ్చింది. ఆవిడ నడిపించినవాళ్ళు, ఆటో ఎక్కించినవాళ్ళు, పాత ముఠాలో ఆడవాళ్ళు. పాస్టరు గారు ప్రార్థన చేశాక ఒక్కొక్కరూ వంగి పిడికెడు మన్ను తీసి గుంటలో వేస్తున్నారు. మాలోనూ చనిపోయినవాళ్ళకి మట్టి ఇస్తాం, నాకు తెలిసిన పనే. నా వంతు వచ్చింది. వంగి మన్ను తీసుకున్నాను. కూతురు వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు భాయ్. అమ్మ చెప్పి పోయింది. నీ చేతి మన్ను, ఆయన చేతి మన్ను నా మీద పడకూడదంది."

నా వెనక ఆసామి ఉన్నాడని అప్పుడు చూశాను. సగం పాదానికి ప్రత్యేకంగా కుట్టించిన బూటు, చేతిలో కర్ర. ఆ పిల్ల మాట విన్నాడు. "సరేలేమ్మా. మేం పోతాం" అని తిరగబోయాడు.

"పోవద్దంది. గుంట పూడ్చేదాకా మీరిద్దరూ ఇక్కడే ఉండాలంది. నిలబడే ఉండాలంది" అంది కూతురు. గొంతులో కోపం లేదు. తల్లి చెప్పింది చెప్తోంది.

నేను మన్ను కింద వదిలేశాను. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. నలుగురు మనుషులు పారలతో పూడుస్తున్నారు. మన్ను పొడిగా ఉంది, గాలికి లేస్తోంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మిగతావాళ్ళు చెట్ల కిందకి పోయారు. ఆసామి బరువు కర్ర మీదికి మార్చుకున్నాడు, మళ్ళీ మార్చుకున్నాడు. ఆయన కుడికాలు వణకడం నాకు కనపడుతోంది.

ఎవరో చూసి చర్చిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆయన వెనక వేశారు. ఆయన కుర్చీ వైపు చూశాడు. గుంట పక్కన నిలబడ్డ ఆ పిల్ల వైపు చూశాడు. ఇంకా సగం కూడా పూడలేదు.

కూర్చోలేదు.